జిప్పోరా ఊపిరి తీసుకునే చోటు

చలికి ఇత్తడి కరుస్తుంది.
అందుకే బూర నోటిముక్కని చంకలో పెట్టుకుని
గుడికి నడుస్తాను,
గుడ్డుని పొదిగే పిట్టలాగా.

లాబ్రడార్ తీరంలో ఫిబ్రవరి అంటే
సముద్రం కూడా నడిచే నేలే.
గుడి గోడ పక్కన స్నోమొబైళ్ళు వరసగా ఆగుతాయి.
పెట్రోలు వాసన, సీలుతోలు వాసన, తడిసిన ఉన్ని వాసన
మాకంటే ముందే లోపలికెళ్ళి బల్లల మీద కూర్చుంటాయి.

వాయించేవాళ్ళం అయిదుగురం.
కాళ్ళతో తొక్కే పాత ఆర్గన్ దగ్గర రెనాటస్.
ఆయన ఎడమ చేతికి నాలుగే వేళ్ళు,
అయిదోది వలతాడు పట్టుకుపోయింది.
ఆ వేలు మోగించాల్సిన స్వరాన్ని
పెద్ద బూరతో బోయస్ పూరిస్తాడు, ఎవరూ అడక్కుండానే.
వయొలిన్లు బెనిగ్నా, ఆమె చెల్లెలు.
మూడేళ్ళుగా ఇద్దరికీ మాటల్లేవు.
శ్రుతి మాత్రం వెంట్రుకవాసి తేడా రాదు.
చిన్న బూర నేను.

చేరినప్పుడు నాకు పదిహేడేళ్ళు.
ఓ ఆదివారం చరణం చివర
ఎక్కడో రేడియోలో విన్న మెలిక ఒకటి వేశాను.
పాడేవాళ్ళు పాట ఆపి నావైపు చూశారు.
ఒళ్ళంతా పొంగిపోయింది నాకు.
బయట మెట్ల మీద రెనాటస్ అడిగాడు:
"ఎంతమంది చూశారు?"
"ముప్పైమందయినా ఉంటారు."
"ముప్పై నోళ్ళు మూయించావన్నమాట"
అని, జేబులోంచి ఎండుచేప ముక్క తీసి
సగం నాకిచ్చి, సగం తను నములుతూ వెళ్ళిపోయాడు.

ఆర్గన్ మీద ఆయన ఓ చిన్న అద్దం మేకుకి తగిలించాడు,
గడ్డం గీసుకునే అద్దం.
పాస్టర్ సైగల కోసమేమో అనుకునేవాణ్ణి.
ఒకరోజు ఆయన లేనప్పుడు ఆ పీట మీద కూర్చుని చూశాను.
పాస్టర్ కనబడలేదు.
ఆడవాళ్ళ వైపు మూడో బల్ల కనబడింది,
ఆ చివర జిప్పోరా కూర్చునే చోటు.

మా భాషలో మాటలు పొడుగు.
ఒక్క మాటలోనే మనిషీ, పడవా, పోయినదారీ ఇముడుతాయి.
కీర్తన రాగాలేమో ఎక్కడో జర్మనీలో
పొట్టి మాటల కోసం పుట్టాయి.
తొంభై ఏళ్ళ జిప్పోరాకి
రెండో పాదంలోని ఆ పెద్ద మాట ఒక్క దమ్ములో అందదు.
మాట మధ్యలో ఆగి, గాలి పీల్చుకుని,
మిగతా సగం ఎత్తుకునేది.
పుస్తకంలో అక్కడ విరామం లేదు.
రెనాటస్ పాదాలు మాత్రం మెల్లగా తొక్కుతూనే ఉండేవి,
ఆ స్వరం అలాగే నిలబడేది,
గుమ్మం దగ్గర ఎవరో తలుపు పట్టుకుని నిలబడ్డట్టు,
ఆమె దాటి వచ్చేదాకా.
దక్షిణం నుంచి వచ్చిన కొత్త పాస్టర్ ఒకాయన
మడమతో నేల కొట్టి తొందరపెట్టాడు, కొన్నాళ్ళు.
తర్వాత ఆయనా అక్కడే ఊపిరి పీల్చుకోడం నేర్చుకున్నాడు.

నవంబరులో, నేల పూర్తిగా బిగుసుకుపోకముందే,
జిప్పోరాని కొండ పక్కన పడుకోబెట్టాం.
గుంట దగ్గర నా బూర మీటలు గడ్డకట్టాయి,
ఒకే ఒక్క స్వరం పలికింది, అదే ఊదాను.

ఆ ఆదివారం రెనాటస్ అద్దం తీసేసి
కోటు జేబులో వేసుకున్నాడు.
"ఇవాళ పుస్తకంలో ఉన్నట్టే" అన్నాడు, గొంతు సవరించుకుని.
సరేనన్నాం.
రెండో పాదం వచ్చింది. మేం ఆగలేదు.
గుడి ఆగింది.

మగవాళ్ళు, ఆడవాళ్ళు, ఒళ్ళో పిల్లలు,
అందరూ ఆ మాట మధ్యలో ఆగి గాలి పీల్చారు.
మేం అయిదుగురం ముందుకెళ్ళిపోయి
రెండు స్వరాల దూరంలో ఒంటరిగా మిగిలాం,
మంచు మీద జాడ తప్పినట్టు.
నా బూర ఆ నిశ్శబ్దంలో ఎంత సిగ్గులేకుండా మోగిందో!
రెనాటస్ చేతులు గాల్లోకి లేచాయి.
వెనక్కి తిరిగి చూళ్ళేదు. విన్నాడంతే.
వాళ్ళు మిగతా సగం ఎత్తుకున్నాక
ఆయన వేళ్ళు, తొమ్మిదీ, మెత్తగా వాళ్ళ కిందికి చేరాయి.
బెనిగ్నా చెల్లెలి వైపు చూసింది.
ఏమీ అనలేదనుకోండి.

ఇప్పుడు రెనాటస్ పీట మీద బోయస్ కూతురు కూర్చుంటోంది.
ఈ వారం టైటస్ అని కొత్త కుర్రాడొచ్చాడు, మంచి ఊపిరి.
నిన్న సాధనలో ఆ చోట ఆగకుండా దూసుకుపోయాడు.
నేనేమీ చెప్పలేదు.
ఆదివారం ఎలాగూ వాళ్ళే చెబుతారు.
జేబులో ఓ ఎండుచేప ముక్క మాత్రం వేసుకున్నాను.