రెండో బటను

గుంటూరు కొత్తపేట, ఆసుపత్రుల వెనక సందు.
తెల్లకోట్లన్నీ తెల్లారకముందే
ఆవిరి తాగి నిటారుగా నిలబడే చోటు,
పున్నయ్య గారి ప్రెస్సు.
ఆ మిషను పై పలక బరువెంతో నాకు తెలీదు,
వేడి మాత్రం తెలుసు:
నీటిచుక్క పడితే
చుయ్‌మనేలోపే మాయం.

దానికి రెండు పచ్చ బటన్లు.
ఒకటి ఈ కొసన, ఒకటి ఆ కొసన,
మధ్య మూరెడు దూరం.
రెండూ ఒకేసారి నొక్కాలి,
పలక దిగి బట్టని ముట్టుకునేదాకా
నొక్కి పట్టుకోవాలి.
ఒక్క చెయ్యి తీసినా
మొరాయించిన ఎద్దులా అక్కడే ఆగిపోతుంది.

ఎవరు కనిపెట్టారో గానీ
మనిషి చేతుల్ని బాగా ఎరిగినవాడు.
కాలరు కొస మడతపడితే
మనసు చెప్పకముందే చెయ్యి వెళ్ళిపోతుందని తెలిసినవాడు.
అందుకే రెంటికీ చెరో పని చెప్పి
దూరం దూరంగా పెట్టాడు,
కొట్టుకునే పిల్లల్ని
చెరో అరుగు మీద కూర్చోబెట్టినట్టు.

ఆ ఏడు శ్రావణంలో పెళ్ళిబట్టలు గుట్టలు.
"ఆ ఎడమది దండగ కదరా మీరావలీ,
ఒక చేత్తో నొక్కి ఒక చేత్తో సర్దితే
గంటకి ఇరవై చొక్కాలు ఎక్కువ లేస్తాయి."
పెట్టె విప్పాను.
రెండు తీగలు ఒలిచి, మెలేసి, నల్లటేపు చుట్టాను.
టీ చల్లారకముందే పని అయిపోయింది.
రెండొందలు ఇచ్చాడు.
ఆ రాత్రి చేపలు కొన్నట్టు గుర్తు.

ఎడమ బటను మాత్రం అలాగే ఉండిపోయింది, పచ్చగా.
నొక్కితే దిగేది, వదిలితే లేచేది,
మాట చెల్లని ఇంట్లో పెద్దాయనలా.

ఆరు వారాలు ఏమీ కాలేదు.
ఏమీ కాకపోవడమే అందరికీ అలవాటైంది.

సాంబ్రాజ్యమ్మ చెయ్యి ఎలా వెళ్ళిందో నేను చూడలేదు.
చూసినవాళ్ళు చెప్పరు.
కాలరు కింద దారప్పోగు ఒకటి లేచిందని
ఒకామె అంది, అంతే.
ఎదుటి ఆసుపత్రిలోనే కట్టు కట్టారు,
బహుశా ఆమె ఇస్త్రీ చేసిన కోటు వేసుకున్న మనిషే.
నెల్లాళ్ళు ఆపి మిషను మళ్ళీ నడిపారు,
నా టేపుతోనే.
నాకు తెలుసు. వెళ్ళలేదు.

నిన్న రేషను దగ్గర కనిపించింది.
ఎడమ బొటనవేలు పెట్టింది, మిషను కాదంది.
చూపుడువేలు పెట్టింది, కాదంది.
గీతలేవీ? ఇస్త్రీ చేసిన కాలరంత నునుపు.
కుడిచేతి గీతలు సోడా, సబ్బు ఎప్పుడో తినేశాయి.
"కన్ను చూపించమ్మా" అన్నాడు డీలరు.
రెప్ప వెయ్యకుండా నిలబడింది.
ఆ కళ్ళని మిషను గుర్తుపట్టింది.
ఆ కళ్ళు నన్ను గుర్తుపట్టాయి.
"బాగున్నావా మీరావలీ" అంది.
తెలిసి అడిగిందో
తెలియక అడిగిందో.

ఇవాళ పిలవకుండా వెళ్ళాను.
పున్నయ్య గారు ఏదో అంటూనే ఉన్నారు, పెట్టె విప్పాను.
టేపు కరిగి జిగురైపోయింది.
తీగల్ని విడదీశాను, దేని చోట దాన్ని బిగించాను.
కొత్తగా చేరిన పిల్ల, శివపార్వతి,
ఒక బటను నొక్కింది. కదల్లేదు.
రెండూ నొక్కింది. దిగింది.
దిగుతుండగా ఎడమచెయ్యి తీసింది,
పలక గాల్లోనే ఆగింది.
నవ్వింది. మళ్ళీ చేసింది.
మూడోసారి నవ్వలేదు.

"దీంతో గంటకి ఇరవై చొక్కాలు తగ్గుతాయి కదన్నా,
చొక్కాకింత అని లెక్క నాకు.
ఆ డబ్బులు ఎవరిస్తారు?"

పున్నయ్య గారు అప్పుడే
ఫోను వచ్చినట్టు బయటికెళ్ళారు.
జవాబు నా దగ్గరా లేదు.
టేపు ముక్క మాత్రం ఉంది,
జేబులో పెడదామంటే
వేళ్ళని వదలట్లేదు.