వెనకతాడు

గుర్రం లాగుతుందని అందరికీ తెలుసు.
బండి ఆగే సంగతే ఎవరూ అడగరు.

వాల్తేరు మిట్ట మీంచి సముద్రం వైపు దిగే రోడ్డు
ఎంత వాలో తెలియాలంటే
బండి వెనక తాడు పట్టుకుని నడవాలి.
మా తాత దాలప్ప నడిచాడు,
వెలగవలస రాజావారి పట్టాభిషేకం ఊరేగింపులో.
ఇంట్లో ఫొటో ఉంది:
రెండు గుర్రాలు, గొడుగు, తలపాగాల వరస,
బండి వెనక నుంచి బిగిసిన తాడు
ఫొటో అంచు దగ్గర తెగిపోయింది.
తాత ఆ అంచుకి అవతల ఉన్నాడు.

ఇప్పుడు రాజ్యం లేదు. బండి ఉంది.
దసరాకి షెడ్డులోంచి తీసి, ఇరుసుకి ఆముదం పోసి,
చక్రాలకి బంగారు పూత పూస్తారు.
ఈసారి కొత్త వారసుడికి పాగా చుట్టారు.
రెండు తెల్లగుర్రాలు కావాలన్నారు.
నా దగ్గరున్నది పటాకా.
బీచిలో రౌండుకి యాభై రూపాయలు,
పిల్లలు జూలు పీకినా పలకదు.
తెల్లదే గానీ కుడి తొడ మీద గోధుమరంగు మచ్చ.
మచ్చకి పౌడరు రాశారు.

పోర్టు యూనియన్ జగ్గునాయుడు
ముందురోజే టీకొట్టు దగ్గర పట్టుకున్నాడు:
"ఒక్క చక్రం పూత డబ్బుతో
మన కొండవాడకి కుళాయి వస్తాది, లెక్క కట్టాను.
నువ్వెళ్ళి దానికి గుర్రాన్నిస్తావా?"
లెక్క సరైందే.
మా కొర్లమ్మ బిందెతో రోజూ
నూట ఇరవై మెట్లు ఎక్కుతుంది.
నేను నోరెత్తలేదు.
బయానా అప్పటికే దాణా అయిపోయింది.

మా అమ్మే ఎగిరిపడింది:
"కుళాయి కుళాయే, బండి బండే.
ఏడాది పొడుగునా బిందెలే సూత్తన్నాను.
ఒక్క పూట ఇంకోటి సూడనీయండ్రా."
దానికీ నా దగ్గర జవాబు లేదు.

ఆ పొద్దున చినుకులు పడ్డాయి.
బ్యాండు, బాకాలు, నెత్తిమీద ఈగలా ఒక డ్రోను.
బెజవాడ నుంచి వచ్చిన పెళ్ళిరథాల సారథి
జరీ కోటులో ముందు కూచున్నాడు.
వెనక మేం పద్నాలుగుమంది, తాడుకి ఏడుగురు.
డాబాల మీంచి పూలు బండి మీదకే వేస్తారు,
గాలి మా నెత్తిన వేస్తుంది.

వాలు మొదలయ్యేచోట పటాకా కాలు జారింది.
తడి తారు మీద లాడం కీచుమంది.
బండి జానెడు ముందుకి తోసుకెళ్ళింది.
అప్పుడు చూశాను, వెనక చెక్క పగులులోంచి:
వారసుడికి ఇరవై రెండేళ్ళుంటాయేమో,
చెయ్యి జనానికి ఊపుతూనే ఉన్నాడు,
కుడికాలు మాత్రం
పలక మీద లేని బ్రేకుని
నొక్కుతోంది, నొక్కుతోంది.

అబద్ధమెందుకు,
వదిలేస్తేనో అనిపించింది.
పద్నాలుగుమంది వేళ్ళు ఒక్కసారి తెరుచుకుంటే
జగ్గునాయుడి లెక్కా మా అమ్మ ముచ్చటా
అరనిమిషంలో బీచ్‌రోడ్డు చేరి తేలిపోతాయి.
కానీ బండి కింద ముందు పడేది పటాకా.
పౌడరు చెమటకి కారిపోయి
మచ్చ బయటపడింది.
పిల్లలు ఆ మచ్చ మీదే చెయ్యేసి ఎక్కుతారు.
మడమలు తన్నిపెట్టి వెనక్కి వాలాను.
బరువు రాజుదా, బండిదా, తాతదా,
తాడుకి తెలీదు.

"ఎవరి కోసం పట్టావు?" అన్నాడు సాయంత్రం జగ్గునాయుడు.
గుర్రం కోసం అంటే నవ్వాడు.
తాతని అడిగినా అదే చెప్పేవాడేమో.
లేదా రాజు కోసమే అనేవాడేమో.
పటాకాని మోకాళ్ళలోతు ఉప్పునీళ్ళలో నిలబెట్టి
పట్టెడ ఒరిసిన భుజం కడిగాను.
ముక్కుతో బుస్సుమని ఊపిరి వదిలింది.
దాని అభిప్రాయం అంతే.

మర్నాడు పేపర్లో ఫొటో, ఈసారి రంగుల్లో.
గుర్రాలు, గొడుగు, చెయ్యూపుతున్న కుర్రాడు,
అంచు దగ్గర తెగిన తాడు.
అమ్మ పేపరు నేల మీద పరిచి
తాడు వెంట వేలు పోనిచ్చి
కాగితం దాటి, గచ్చు మీదకొచ్చి
ఒకచోట ఆపింది.
"నువ్విక్కడ" అంది.

బిందె దించడానికి లోపలికొచ్చిన కొర్లమ్మ
ఆ చోటు తొక్కకుండా
పక్కనుంచి వెళ్ళింది.