టైం గాడు

మెట్టుగడ్డ ట్రైనింగ్ సెంటర్ల
మూడో రోజు క్లాసు.
ఫ్యాను తిరుగుతున్నది గాని గాలి మా దాంక వస్తలేదు.
బోర్డు మీద బాలీశ్వర్ సారు
గుండ్రాలు గీస్తున్నడు.
గుండ్రం గుండ్రానికి ఒక ఫొటో,
ఫొటో నుంచి ఫొటోకు ఎర్ర దారం.

"లాఠీ ఆఖర్న" అన్నడు సారు.
"ముందుగాల చాయ్ హోటల్ బాకీ బుక్కు.
ఎవని చాయ్ పైసలు ఎవడు కడ్తున్నడో చూడుండ్రి,
గాడ్నే దొరుకుతడు పెద్దోడు.
రౌడీ అని రాస్తే కోర్టుల నిలవది.
ఏ తారీఖు, ఏ గల్లీ, ఎవని చెయ్యి, ఏం పట్టుకున్నది,
గది రాయుండ్రి."
ముప్పై పెన్నులు ఒక్కపాలె కదిలినయ్
వానకు ముందటి చీమల లెక్క.

బోర్డు మీద ఉన్నది గేటు బ్యాచ్.
బోయపల్లి గేటు కాడ
రైలు పోయేదాంక ఆగిన బండ్ల నడుమ పుట్టిన బ్యాచ్.
అర్ధరాత్రి నడి రోడ్డు మీద
తల్వారుతోని కేకు కోసిన ఫొటో.
కత్తికి క్రీము, పదకొండు మొఖాలు.
ప్లాట్ల కాడికి పోతరు, ఊర్కె నిలబడ్తరు,
ఊర్కె నిలబడ్డందుకే పైసలు.
అన్నిటికన్న మీది గుండ్రం ఖాళీ.
"సార్, అదెవరు?" వనపర్తి పిల్లగాడు అడిగిండు.
సారు చేతుల చాక్‌పీసు పొడి దులుపుకున్నడు.
"అది మన సిలబస్‌ల లేదు."

ఏడో నంబరు.
కావలి కురుమూర్తి, ఇరవై ఏండ్లు, టెన్త్ ఫెయిల్.
మారుపేరు: టైం గాడు.
"ఎందుకొచ్చింది ఈ పేరు?
మారుపేరు ఇప్పితే సగం కేసు ఇప్పినట్టే."

చేతులు లేచినయ్.
వాచీల దొంగ కావచ్చు సార్.
హప్తా టైముకు వసూలు చేస్తడేమో సార్.
నీ టైం దగ్గర పడ్డదని బెదిరిస్తడు సార్.
"కాదు. వీడు మూల మీద నిలబడి
మన పెట్రోలింగ్ బండి ఎన్ని నిమిషాలకు తిరిగొస్తదో
ఫోన్‌ల లెక్క కడ్తడు.
ఇంటిపేరు సుత చూడుండ్రి, కావలి!"
క్లాసంత నవ్వింది.

సారు చెప్పింది నిజమే.
సగం.

రెండేండ్ల కింద, స్టేడియం గ్రౌండు, పొద్దుగాల అయిదు.
మా గల్లీ పోరడు
పాలప్యాకెట్ల డబ్బా కింద పెట్టి
అద్దం పగిలిన ఫోను పట్టుకొని గీత కాడ నిలబడేటోడు.
ఎనిమిది వందల మీటర్లు, అయిదు నిమిషాల ఇరవై సెకండ్లు.
మొదటి దినం నాకు ఆరున్నర పట్టింది.
"చేతులు ఊపక్కా, కాళ్లు వాటంతటవే వస్తయ్" అనేటోడు,
ఎన్నడు పరిగెత్తనోడు.
నలభై దినాలు. మంచుల గూడ.
నన్ను చూసి ఇంక నలుగురు ఆడిపిల్లలు వచ్చిన్రు,
వాళ్లే పెట్టిన్రు ఆ పేరు.
అసలు దినం నేను గీత దాటంగనే
కంచె అవతలికెల్లి ఒర్లిండు:
"అక్కా, ఇంక ముప్పై రెండు సెకండ్లు మిగిలినయ్!"

నౌకరి వచ్చిన దినం గల్లీ అంత మిఠాయి పంచినం.
వానికి ఇచ్చిన్నా?
యాదికొస్తలేదు.

చెయ్యి లేపిన.
లేపినంకనే తెలిసింది లేపినట్టు.
చెప్తుంటే ఎవ్వరు నవ్వలేదు.
సారు కసురలేదు.
ఫైల్లకెల్లి ఒక ఫారం తీసి నా ముందల పెట్టిండు.
"నేను చెప్పినట్టే రాయి.
తారీఖు, జాగ, చెయ్యి, పట్టుకున్నది."

రాసిన.
స్టేడియం గ్రౌండు. కుడి చెయ్యి. ఫోను.
కింద ఒక గడి:
నిందితునితో మీకు గల సంబంధం.

గేటు దిక్కు రైలు హారన్ ఇనొస్తున్నది.
సారు గోడ గడియారం చూస్తున్నడు.
ఆ ముప్పై రెండు సెకండ్లు
ఇంక నా దగ్గర్నే ఉన్నయ్.