తొమ్మిదో ప్రశ్న దగ్గర

ఎంబిటా ఒడ్డున వలల మీద
ఒమేనా చేపలు ఎండుతున్నాయి.
బోర్లించిన పడవ నీడలో
నేనూ, అవుయోరూ, నా కాగితాల అట్టా.

తొమ్మిది ప్రశ్నలు.
ఒక్కోదానికీ నాలుగు గడులు:
అసలు లేదు, కొన్ని రోజులు,
సగం రోజుల పైన, దాదాపు రోజూ.
పొద్దు వాలేలోగా ఇరవై మందిని అడిగితే
వ్యాన్ ఛార్జీలు పోను
మధ్యాహ్నం తిండికి మిగులుతుంది నాకు.

గత రెండు వారాల్లో నిద్ర పట్టకపోవడం?
నవ్వింది.
"నా పేరుకి అర్థం తెలిసే అడుగుతున్నావా?"
తెలుసు. మావాళ్ళు పుట్టిన వేళని బట్టి పిలుస్తారు.
నడిరాత్రి పుట్టిన పిల్ల తను.
"సరస్సు మీద దీపాల పడవలు లెక్కపెడతాను.
నిన్న అరవై రెండు."
అరవై రెండుకి గడి లేదు.
దాదాపు రోజూ, అని టిక్కు పెట్టాను.

దిగులు?
ఈ మాటకి మా భాషలో సరిగ్గా మాట కుదరదు.
ఆలోచనలు ఎక్కువయ్యాయి అంటాం,
మొక్కజొన్న ముద్దలో నీళ్ళెక్కువయ్యాయి అన్నట్టు.
"ఒకటే ఆలోచన," అంది.
"అదే ఎక్కువ."

మొదటి పేజీలో దాటేసిన ప్రశ్నకి వెనక్కి వెళ్ళాను.
ఈ గర్భం మీరు అనుకున్నదేనా?
అవును. కాదు.

"అనుకోడానికి నాకెవరిచ్చారు తీరిక?
పడవ ఒడ్డుకొస్తుంది,
ముప్పై మందిమి బకెట్లతో నిలబడతాం.
ఎవరి బకెట్ ముందు నిండుతుందో,
ఎందుకు నిండుతుందో
కొంగలకి కూడా తెలుసు.
ఆ రోజు ముందు నాది నిండింది.
కుట్టుబడి ఫీజు కట్టాను.
రసీదు ఉంది, చూపించనా?"

కాసేపాగి,
చేపల వాసన మీదుగా ఎవరికో చెబుతున్నట్టు:
"నెల తప్పింది.
తప్పింది నెల కదా,
తప్పు నాదెలా అయింది?"

కుట్టుబడిలో ఒకరి నడుం ఒకరు కొలుస్తారట.
ఆ రోజు టేపు రెండంగుళాలు ఎక్కువ చెప్పింది.
కొలిచిన పిల్ల అంకె పైకి చదవలేదు.
ఎవరూ పల్లెత్తు మాట అనలేదు.
మర్నాటి నుంచి
ఆమె నడుం ఎవరూ కొలవలేదు.

తొమ్మిదోది
బతకాలని లేదా అని
తిప్పి అడిగే ప్రశ్న.
గొంతు మార్చకుండా చదవాలని శిక్షణలో చెప్పారు,
కరెంటు బిల్లు చదివినట్టు.
చదివాను.
ఎక్కడో ఒక కుర్రాడు డబ్బా మోగిస్తూ
వలల మీది పక్షుల్ని తోలుతున్నాడు.
ఆ మోత ఆగేదాకా ఆమె మాట్లాడలేదు.
ఆ తర్వాత నన్నడిగింది:
"నిన్నెవరైనా అడిగారా ఇది?"

నా నోరు పెగల్లేదు.
ఆరేళ్ళ కిందట
మా ఒడేరో నా కడుపులో ఉన్నప్పుడు
కాగితాలు పట్టుకుని ఎవరూ రాలేదు.
మా మేనత్త అవోకో మాత్రం
రోజూ సాయంత్రం వచ్చి, మంచం పట్టె మీద కూర్చుని
వేరుశనక్కాయలు ఒలిచేది.
ఏమీ అడిగేది కాదు.
తొక్కలన్నీ నా పక్క మీద పోసి పోయేది.
దులుపుకోడానికైనా, ఊడవడానికైనా
నేను లేవాల్సొచ్చేది.
ఆవిడ కావాలనే అలా చేసిందని
ఆవిడ పోయాక తెలిసింది నాకు.

ఇదంతా చెప్పకూడదు. చెప్పాను.

"దాదాపు రోజూ,"
అంది అవుయోర్.
టిక్కు పెట్టలేదు. కలానికి మూత పెట్టాను.
ఈ పూటకి పన్నెండు మందే.

క్లినిక్ దాకా కలిసే నడిచాం.
నర్సు నా చేతిలోంచి అట్ట తీసుకుని పక్కన పెట్టి
ఆమెకి కుర్చీ జరిపింది.
తలుపు దగ్గరకి వేసుకుంది.
నేను బయట, ఎండలో, గంటంబావు.

బిడ్డ సంగతి ఏమనుకుందో ఆమె చెప్పలేదు.
నేనడగలేదు.

తిరిగొస్తూ నా తిండి డబ్బుతో
పొట్లం వేరుశనక్కాయలు కొన్నాను.
ఆమె ఒలుస్తోంది, తింటోంది, సగం పారేస్తోంది.
దారి పొడుగునా తొక్కలు.
వాళ్ళ గుమ్మం దగ్గర ఆగి చేతులు దులుపుకుంది.
మెట్టు నిండా పడ్డాయి.

"ఎవరూడుస్తారిప్పుడు?" అంది.

చీపురు తలుపు వెనకే ఉంది.
నేను తీయలేదు.