ఏడు తోక

మాలుటి కొండమీద మాతో
మాలినేయో ఉన్నది ఒక్క చలికాలమే.
పగలు మేము గొర్రెలకి, రాత్రి ఆవిడకి.
రాతిగుడిసె నిండా పిడకల పొగ.
పలకల్లేక తలుపుమీదే బొగ్గుతో రాసేది,
ఎడమచేత్తో. అక్షరమైనా అంకైనా
చివర వెనక్కి తిరిగి చూసే చిన్న తోక.

మంచు కరిగాక గుర్రమెక్కి వెళ్లిపోయింది.
ఉత్తరమేదీ రాలేదు.
వస్తే చదివేవాళ్లం.

ఇవాళ ఉన్ని కొట్టంలో
బేళ్ల బరువులు రాస్తున్నాడు త్సెకిసో కొడుకు.
ఆవిడ వెళ్లిన ఎన్నేళ్లకో పుట్టాడు,
కుడిచేతివాటం వాడిది.
అయినా అదే తోక.

"ఇది రెండా, ఏడా?" విసుక్కున్నాడు
పట్నం నుంచి వచ్చిన బేరగాడు.

"ఏడే," అన్నాం
కొట్టంలో ఉన్నవాళ్లందరం
ఒక్కసారే.