సగం కిటికీ

ఆఫర్ లెటర్‌లో ఇంటి అద్దె కలిసే ఉంది,
నాలుగు వేల అయిదొందల దిర్హాముల్లో ఎక్కడో,
పప్పులో ఉప్పులా, విడిగా కనపడకుండా.
మొదటి జీతానికి ఇంకా ముప్పై ఎనిమిది రోజులు.

ఆదివారం పొద్దున్నే గంగరాజం వచ్చాడు.
కోరుట్ల మనిషి. ఇరవై ఏళ్లుగా దుబాయిలో
ఇల్లు లేనివాళ్లకు ఇళ్లు చూపించి బతుకుతున్నాడు.
"మెట్రో గావాల్నా, కిటికి గావాల్నా?
రెండూ అంటే నీ జీతం సాలది బిడ్డా."
నా సంచిలో అయిదు మీటర్ల టేపు.
క్వాంటిటీ సర్వేయర్ని నేను, మూడు రోజులుగా.
టేపుకి కూడా సంతకం పెట్టించుకున్నారు ఆఫీసులో.

షార్జా, అల్ నహ్దా. హాల్లో చెక్కగది.
రెండూ పది పొడవు, ఒకటీ ఎనభై వెడల్పు.
ప్లైవుడ్ పైకప్పు దాకా పోదు;
పక్కవాళ్ల లైటూ పక్కవాళ్ల దగ్గూ
పైనుంచి దిగుతుంటాయి, అద్దెలో భాగంగా.
ఏడొందలు. చవకే.
కానీ బస్సులో రోజుకు మూడు గంటలు.
వేళ్ల మీద లెక్క కట్టాను:
నా గంట ఇరవై దిర్హాములు,
నెలకు అరవై ఆరు గంటలు, అంటే పదమూడొందల ఇరవై
దారిలో పారబోసినట్టే కదా అన్నాను.
"బస్సుల గూసున్న గంటను ఎవడు గొంటడు బిడ్డా?"
నాలుగేళ్ల ఇంజినీరింగు నోరు మూసుకుని మెట్లు దిగింది.

సత్వాలో ఒక పనిమనిషి గది. సొంత బాత్రూము!
తలుపు తీస్తే మంచం, మంచం దిగితే తలుపు.
కిటికీ లేదు. గోడకు పచ్చటి లోయ పోస్టరు,
దాని మీద పూల పరదా కట్టి ఉంది.
అంతా తెలిసే, పరదా జరిపి చూశాను.

దేరాలో వంటింటి అలమరాలకు ఏడు తాళాలు.
ఉల్లిగడ్డల బుట్టకు ఎనిమిదోది.

చివరిది కరామా. దీపాలు పెట్టే వేళ.
లిసమ్మ తలుపు సగమే తీసి అడిగింది:
చేప తింటావా? రాత్రిళ్లు ఫోన్లో ఏడుస్తావా?
మొదటిదానికి తలూపేలోగా
రెండోదానికి తనే జవాబు చెప్పింది:
"ఏడుపు బాల్కనీలో. పదిలోపు."
అగ్రిమెంటులో పేరు ఇంకెవరిదో.
మునిసిపాలిటీ వాళ్లొస్తే నేను చుట్టాన్ని.
నెలకు పదమూడొందలు కట్టే చుట్టపుచూపు.
షార్జా బస్సులో నేను పారబోసిన లెక్కా
ఈ గదీ దాదాపు ఒకటే ఖరీదని
గంగరాజానికి చెప్పలేదు.

టేపు పరిచాను.
చెక్కగోడ సరిగ్గా కిటికీ నడుమకి తగులుతోంది.
జరిపే అద్దాలు రెండు.
నాది తెరిస్తే అది వెళ్లి అవతలి అద్దం మీద ఎక్కుతుంది,
అవతలిది తెరిస్తే నాకు రెండద్దాల ఉక్క.
ఇద్దరికీ ఒకేసారి గాలి రావడం
ఈ డిజైన్‌లో లేదు.

ఒకటీ ఇరవైని రెండుతో భాగించి
నోటుబుక్కులో రాసుకుంటున్నాను.
గోడకీ గాజుకీ మధ్య సందులోంచి ఒక చెయ్యి,
మణికట్టుకు ఆసుపత్రి పట్టీ వాచీ,
నా అద్దాన్ని పట్టుకుని తన వైపు లాక్కుంది.
కిర్రుమంటూ నాలుగు వేళ్ల జాగా.
నవంబరు గాలి.
కింద బండ్ల హారన్లు, ఎవరింట్లోనో తిరగమోత,
వాటన్నిటి కిందనుంచి
ఇంకేదో, వెచ్చగా.

"బేకరీ," అంది చెక్క అవతలి గొంతు,
వచ్చీ రాని హిందీలో.
"తెల్లారగట్ల నాలుగింటికి ఇంకా బావుంటుంది.
డ్యూటీ దిగి వస్తాను నేను.
నాలుగింటికి మాత్రం కిటికీ నాది."

గంగరాజం గుమ్మంలో తాళాలు గలగలలాడిస్తున్నాడు.
టేపు వదిలేస్తే సర్రున చుట్టుకుంది.

"నాలుగు నుంచి ఎంతవరకు?"
అని అడిగాను ప్లైవుడ్‌ని.