పదిహేనో నెల ప్రశ్న

స్వాన్‌సీలో నాలుగో అంతస్తు.
కిటికీ అవతల సముద్రం, ఇవతల హెడ్‌సెట్లు.
పట్టా పుచ్చుకున్న పదిహేనో నెలలో
ఒక్కొక్కరికీ ఫోన్ చేసి అడగడం మా పని:
ఏం చదివారు, ఎక్కడ చదివారు,
ఏడాదికి ఎంత?

ఎంతో చెప్పే ముందు అందరూ కాస్త ఆగుతారు.
ఆ ఆగడానికి నా ఫారంలో గడి లేదు.

యెస్టిన్ మాత్రం ఆగలేదు. పెట్రోలియం ఇంజనీరు.
నా ప్రశ్న పూర్తికాకముందే అంకె చెప్పేశాడు,
హెలికాప్టర్ రొదలో రెండోసారి అరిచి మరీ.

రాతిగోడల పాత కాలేజీలో తత్వశాస్త్రం చదివినామె
బ్యాంకులో ఉన్నానంది.
మీ చదువు ఉద్యోగంలో పనికొచ్చిందా?
అదీ ఫారంలోని ప్రశ్నే.
"గోడలు పనికొచ్చాయి" అని నవ్వింది.

అదే తత్వం, అవే పుస్తకాలు,
బస్సు డిపో పక్క కాలేజీలో చదివిన గెథిన్
గోదాములో అట్టపెట్టెలకి స్టిక్కర్లు అంటిస్తున్నాడు.
ఇద్దరి అంకెలూ ఒకదాని కింద ఒకటి కొట్టాను.
కోటి విద్యలూ కూటి కోసమేనట,
కూడు కొలిచే మానిక మాత్రం కాలేజీకొకటి.

మెన్నా నర్సు. రాత్రి డ్యూటీ దిగి బస్సులో ఉంది.
"మాకు ఏ కాలేజీ అయినా ఒకటే స్కేలు" అంటూ
మాట మధ్యలోనే నిద్రపోయింది.
ఆమె స్టాపు దాటిపోతుందేమోనని
పేరు పెట్టి పిలుస్తూ లైన్లోనే ఉన్నాను,
మేనేజరు బల్లమీద నా ఎర్రలైటు వెలిగేదాకా.

నేను చదివింది కుండలు. సర్టిఫికెట్‌లో సిరామిక్స్.
నిరుడు నాకూ వచ్చింది ఈ ఫోను,
సరిగ్గా పక్క సీటు నుంచే.
నాకు ఒక చెవిలో ఎమ్రిస్, ఇంకో చెవిలో ఎమ్రిస్.
ఏడాదికి ఎంత అన్నాడు, రూలు ప్రకారం.
"నీకెంతో నాకూ అంతే."
నవ్వకూడదు, కాల్ రికార్డవుతోంది.
కాలేజీ పేరు జాబితాలో వెతికాడు. లేదు.
దాన్ని పెద్ద యూనివర్సిటీలో కలిపేశారు,
బట్టీలు తీసేసి అక్కడ జిమ్ పెట్టారు.
'ఇతరములు' నొక్కాడు.

నేను చేసిన కప్పొకటి నా బల్లమీద ఉంటుంది.
పిడి కొంచెం వంకర. టీ త్వరగా చల్లారదు.
ఐదున్నరకి దాంట్లో సగం ఎమ్రిస్ తాగుతాడు,
అప్పటికి సముద్రం బూడిదరంగుకి తిరుగుతుంది.
అతనేం చదివాడో నాకిప్పటికీ తెలీదు.
హెడ్‌సెట్ తీశాక
ఆ ప్రశ్న ఎవర్నీ అడగను.